బెల్టు కాడ బిక్కమొగం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
ఒక్క పీయెనారు నున్నచో సామాను
నేరుగాను చేరు నింటి దాక;
రెండు చీటులైన రేడైన కూలైన
బిక్కమొగము వేయు బెల్టు కాడ.

అవతారిక

కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాసినాడు గానీ విమానం టికెట్టుకు రాయలేదు. వావిళ్ళవారు మద్రాసులో కూర్చొని ఎన్నో కావ్యాలను టీకా తాత్పర్యాలతో అచ్చువేసినారు గానీ మీనంబాకం విమానాశ్రయంలో విప్పి చూసుకోవలసిన ఈ ముక్తకం వాళ్ల కంట పడలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ పూనిక.

కవి పేరు తెలియదు. తమిళదేశం అంచున ఉన్న మా చిత్తూరు సీమలో పేరుకు ముందు ఒక పొడి అక్షరం పెట్టుకోవడమే తప్ప ఇంటిపేరు విప్పి రాయని ఇళ్లు చాలా ఉన్నాయి. అట్లాంటివాళ్ల పాస్‌పోర్టులో రెండు గళ్లకు ఒకటే పేరు ఉంటుంది. అప్పుడు అమెరికా వీసాలో మొదటి పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యు అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. ఆ లెక్కన మన కవిని ఎఫ్‌ఎన్‌యు కవి అనుకోవడం న్యాయం.

సందర్భం ఇది. పుత్తూరులో రిటైరైన ఒక అయివారి కూతురు డాలస్‌లో కాపురముంటుంది. మనవడికి తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలి. కూతురు, అల్లుడు, ఐదేళ్ల పాప, చంకలో పిల్లవాడు రావాలి. తిరిగి పోయేటప్పుడు అవ్వను వెంటబెట్టుకొని పోవాలి. "నాయనా, ఒక సైట్లో బలే అగ్గవగా ఉండాది. దుబాయ్ దాకా ఒక టికెట్టు, ఆడినుంచి మద్రాసుకు ఇంకోటి" అని కూతురు ఫోన్ చేసింది. అయివారు తిరుపతిలో టికెట్ల ఆఫీసు పెట్టుకొన్న పాత శిష్యుణ్ణి అడిగినారు. శిష్యుడు కంప్యూటరు మీదినుంచి తల ఎత్తకుండా చదివిన పద్యం ఇది. సొంతమా, కంఠస్థమా అని అయివారు అడగలేదు. గణాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నారు.

ప్రతిపదార్థం

ఒక్క పీయెనారునన్ = ఆరు గుర్తుల ఒకే బుకింగు సంఖ్య కింద; ఉన్నచోన్ = బయలుదేరిన ఊరు మొదలు దిగే ఊరు దాకా అన్ని విమానాలూ ఉన్నట్లయితే; సామాను = తలకు రెండు పెట్టెలు, పెట్టె 23 కిలోలు (ఇంటి తూకం మీద 23, విమానాశ్రయం తూకం మీద 24); నేరుగాను = నడిమి ఊళ్లో మన చెయ్యి తగలకుండా; ఇంటి దాకన్ = చివరి విమానాశ్రయం వరకు; చేరున్ = చేరుతుంది; రెండు చీటులైనన్ = ఒకే ప్రయాణానికి విడివిడి టికెట్లు రెండు కొన్నట్లయితే; రేడైనన్ = రాజైనా, అంటే కంపెనీ ఖర్చు మీద తిరిగేవాడైనా; కూలైనన్ = కువైట్‌కు పనికి పోయేవాడైనా; బెల్టు కాడన్ = పెట్టెలు తిరిగే రబ్బరు పట్టీ దగ్గర; బిక్కమొగమున్ వేయున్ = ఏడవలేక మొగం వేలాడేస్తాడు.

తాత్పర్యం

అంతా ఒకే టికెట్టయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా మరో విమానం ఎక్కించే పూచీ ఎయిర్‌లైనుదే, పెట్టెల పూచీ కూడా దానిదే. విడివిడిగా కొంటే రెండో ఎయిర్‌లైను దృష్టిలో మీరు వేళకు రాని మనిషి, అంతే. ఆ డబ్బు పోయినట్లే. పెట్టెలు తీసుకొని, కొత్త టికెట్టు కొనుక్కొని పోవాలని భావం.

విశేషాలు

"ఒక్క పీయెనారు" అన్నచోట అతివ్యాప్తి దోషం ఉందని కొందరంటారు. వాళ్ల మాటలో పస ఉంది. రెండు వేరు ఎయిర్‌లైన్ల టికెట్లను తామే అతికించి, పైన తమ నంబరు ఒకటి వేసి ఇచ్చే సైట్లు వచ్చినాయి. ఆ నంబరు ఒకటే గదా అని మురిసిపోతే బెల్టు కాడ తేలుతుంది. కాబట్టి ఇక్కడ పీయెనారు అంటే ఎయిర్‌లైను ఇచ్చిన సంఖ్య, అంతకన్నా గట్టిగా చెప్పాలంటే పదమూడు అంకెల టికెట్టు నంబరు అని గ్రహించాలి. దాని మొదటి మూడంకెలు టికెట్టు ఇచ్చిన ఎయిర్‌లైనువి: 098 అయితే ఎయిరిండియా, 157 అయితే ఖతార్, 176 అయితే ఎమిరేట్స్. మనిషికి ఒకే పదమూడు అంకెలు డాలస్ నుంచి చెన్నై దాకా నడిస్తే ఆ సంధి సిద్ధం. రెండు నంబర్లుంటే విసంధి. చిన్నయసూరి మద్రాసులోనే ఉండి బాలవ్యాకరణం రాసినా, ఈ సంధికి సూత్రం చెప్పకుండా పోయినాడు.

ఇందులోనే ఇంకొక మెలిక. పూర్వపదం లోపిస్తే పరపదం కూడా లోపిస్తుంది. అవ్వకు రేణిగుంట నుంచి హైదరాబాదు మీదుగా ఒకే టికెట్టు తీసినారనుకోండి. "రేణిగుంట విమానం ఎందుకులే, ముందురోజు పద్మావతి ఎక్స్‌ప్రెస్సులో పోయి చుట్టాలింట్లో తలకు పోసుకొని ఎక్కుతుంది" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. మొదటి విమానం ఎక్కకపోతే తక్కిన విమానాలన్నీ రద్దవుతాయి. డబ్బు కట్టినాము గదా అని వాదించే అయివార్లను కౌంటరు దగ్గర నిత్యమూ చూడవచ్చు.

"నింటి దాక" అన్నది లక్షణ. ఇల్లు అంటే పుత్తూరు ఇల్లు కాదు. అయితే ఇక్కడ కవి నిరంకుశుడైనాడని చెప్పక తప్పదు. అమెరికాకు పోయేటప్పుడు ఆ దేశంలో మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకొని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి, టికెట్టు ఒకటే అయినా సరే. అబూ ధాబీ మీదుగా పోతే ఆ తనిఖీ అబూ ధాబీలోనే అయిపోతుంది. 2014 నుంచి ఆ ఏర్పాటు ఉంది. మన దేశంలో కూడా ఢిల్లీలో దిగి రేణిగుంటకు మారేవాళ్లు సాధారణంగా ఢిల్లీలోనే పెట్టెలు దించుకొని మళ్లీ వేయాలి. అమెరికా తనిఖీలోనే పచ్చి కరివేపాకు, మామిడికాయలు దొరికిపోతాయి. తోతాపురి పండే సీమ నుంచి పోయి ఒక్క కాయ లోపలికి తీసుకుపోలేని దుఃఖం వేరే పద్యానికి వస్తువు.

పూర్వపక్షం

"రెండు చీట్లు అగ్గవ గదా" అన్నది కూతురి వాదం. మూల్యమే ప్రమాణమని ఆమె మతం. దీనికి శిష్యుడి సమాధానం మాటలతో కాదు, కాగితం మీద. దుబాయ్‌లో పెట్టెలు బెల్టు మీదినుంచి తీసుకోవాలంటే ఇమిగ్రేషను దాటాలి. దాటాలంటే ఆ దేశపు ప్రవేశానుమతి కావాలి. అమెరికా వీసా ఉన్న భారతీయులకు అక్కడికక్కడ ఇస్తారు గానీ ఊరికే ఇవ్వరు, తలకింత అని రుసుము. చౌక విమానం షార్జా నుంచైతే ఊరు దాటి టాక్సీలో పోవాలి. అన్నిటికన్నా పెద్దది తూకం. అమెరికా టికెట్టుకు సాధారణంగా తలకు 46 కిలోలు. గల్ఫ్ చౌక విమానాల్లో 20, 30 కిలోల లెక్క, కొన్నిటిలో అదీ విడిగా కొనాలి. 30 అనుకున్నా మనిషికి 16 కిలోలు మిగిలిపోతాయి. ఆ 16 కిలోలకు కౌంటరులో కట్టేది కలుపుకొంటే అగ్గవ ఎటుపోయిందో తెలియదు.

ఒంటిగా, వీపున ఒక సంచితో, నడుమ ఒక రోజు ఎడం పెట్టుకొని పోయే బ్రహ్మచారికి రెండు చీట్లు దోషం కాదని ఒక శాఖవారు అంటారు. ఒప్పుకోవచ్చు. చంకబిడ్డ ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు వర్తించదు.

ఇంకొక పూర్వపక్షం దీనికంటే సూక్ష్మం. సైట్లో ముగ్గురికి కలిపి వెతికితే ఎక్కువ, ఒక్కరికి వెతికితే తక్కువ చూపిస్తుంది. ఇది మోసం కాదు. ఎయిర్‌లైన్లు ఒకే సీట్ల వరుసను వర్ణమాలగా విడగొట్టి, అక్షరానికొక ధర పెడతాయి. చవక అక్షరంలో రెండు సీట్లే మిగిలి, మీరు మూడు అడిగితే, మూడూ పై అక్షరపు ధరకే వస్తాయి. తలకు లక్షా అయిదు వేలది లక్షా ఇరవై వేలవుతుంది అనుకొందాం. రెండు సీట్లు చవకలో కొని మూడోది విడిగా కొంటే ముప్పై వేలు మిగులు. అందుకని ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి, ఆ తర్వాత అందరికీ వెతికి చూడమని అనుభవజ్ఞులు చెబుతారు.

మంచిదే. కానీ కుటుంబం రెండు పీయెనార్లయినప్పుడు విమానం రద్దయితే కంప్యూటరుకు వీళ్లు మొగుడూ పెళ్లామని తెలియదు. ఒకరిని ఈ రాత్రికి, ఇంకొకరిని రేపటికి సర్దుతుంది. రెండు బుకింగులూ ఒకే ఇంటివని ఎయిర్‌లైనుకు ఫోన్ చేసి రాయించుకోవచ్చు గానీ అది మనవి మాత్రమే, హక్కు కాదు. పైగా పన్నెండేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనే సీటు ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్లో మన ఎయిర్‌లైన్లకు చెప్పినప్పుడు కూడా "ఒకే పీయెనారులో ఉన్నవారికి" అనే చెప్పింది. ఎఫ్‌ఎన్‌యు కవికి ప్రభుత్వం వారి సమర్థన దొరికిందని సంతోషించాలి. ముప్పై వేలకు ఆశపడి పెద్దవాళ్లనే విడగొట్టాలి తప్ప పిల్లలను తల్లి పీయెనారు నుంచి ఊడదీయకూడదని వ్యాఖ్యాత మతం.

అనుక్తం: శాస్త్రానికీ చార్జీకీ సంధి

మూలంలో లేకపోయినా సందర్భాన్ని బట్టి చెప్పవలసిన సంగతి ఒకటుంది. నా మటుకు పద్యం మొత్తానికన్నా ఇదే విలువైనది. పుట్టువెంట్రుకలు బేసి ఏట తీయాలి: మొదటి ఏడు, లేకుంటే మూడో ఏడు. ఎయిర్‌లైను స్మృతి వేరు. రెండేళ్లు నిండని బిడ్డ ఒళ్లో కూర్చుంటే పెద్దల చార్జీలో సుమారు పదో వంతు. రెండు నిండిన మరునాడు సీటు కొనాలి, ముప్పాతిక వంతు దాకా పడుతుంది. మూడో ఏడు అంటే రెండు నిండినట్లే గదా! రెండో ఏడు చార్జీకి అనుకూలం, శాస్త్రానికి విరుద్ధం. మూడో ఏడు శాస్త్రానికి అనుకూలం, చార్జీకి విరుద్ధం. రెండూ కలిసేది మొదటి ఏడొక్కటే. అక్కడికి తిరుమల కూడా కలిసివస్తుంది: ఏడాది నిండని బిడ్డతో వచ్చిన తల్లిదండ్రులను జనన ధ్రువపత్రం చూపిస్తే సుపథం అనే దారి మీదుగా ఉచితంగా దర్శనానికి పంపుతారు. కల్యాణకట్టలో క్షురకర్మకు ఎట్లాగూ డబ్బు లేదు. తొమ్మిదో నెలకో పదకొండో నెలకో ముహూర్తం పెట్టే పురోహితుడికి ఈ లెక్క తెలిసే పెట్టినాడా అని అనుమానం వస్తుంది.

"మూడో ఏట చేద్దాంలే, బిడ్డ కొంచెం గట్టిపడనీ" అనే అవ్వ మాటలో ప్రేమ ఉంది. దాని వెల ఒక పూర్తి సీటు. ఒడి టికెట్టు తీసుకున్నవాళ్లు ముందు గోడకు తగిలించే ఉయ్యాల కోసం టికెట్టు కొన్న రోజే అడగాలి. విమానానికి కొన్నే ఉంటాయి, బిడ్డ బరువు పది పదకొండు కిలోలు దాటితే అదీ లేదు.

"రేడైన కూలైన"

ఈ జంటకు అవ్వ కూడా చేరుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు గోవింద కొట్టుకుంటూ ఎక్కిన ఆవిడకు టికెట్టులో వీల్‌చైర్ రాయిస్తారు. కాళ్లకు కాదు, భాషకు. దోహాలో ఎటు పోవాలో, ఏ కాగితం ఎవరికి చూపాలో కుర్చీ తోసేవాడికి తెలుసు. దానికి రుసుము లేదు. అయితే ఆ కుర్చీ కూడా పీయెనారు వెంటే నడుస్తుంది. రెండో చీటీలో విడిగా రాయించకపోతే బెల్టు కాడ దించేసి పోతారు. నిజంగా నడవలేనివాళ్లకు కుర్చీలు దొరకకుండా పోతున్నాయన్న ఆక్షేపణ ఉంది. అది సబబైనదే, అవ్వకు చెప్పి చూడండి.

పేరు తప్పు పడితే ఏం చేయాలని అడుగుతారు. అమెరికా రాకపోకల టికెట్టు ప్రయాణానికి వారం ముందుగా, నేరుగా ఎయిర్‌లైను దగ్గరే కొని ఉంటే, సాధారణంగా 24 గంటల్లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు. ఆ దేశపు నిబంధన అది. ఆ ఒక్క రోజులో టికెట్టును పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం చదవడానికి రిటైరైన తెలుగు అయివారిని మించినవాడు లేడు.

పాఠాంతరం

నాలుగో పాదానికి పడమటి ప్రతుల్లో "బిక్కమొగము వేయు బెంగుళూర" అని పాఠం కనిపిస్తుంది. యతి చెల్లింది, గణాలు సరిపోయినాయి. మదనపల్లె, పలమనేరు వాళ్లు ఈ పాఠాన్నే పట్టుకొని వేలాడతారు. వాళ్లకు బెంగుళూరు విమానాశ్రయమున్న దేవనహళ్లి దగ్గర. మదనపల్లె నుంచి నూరు పైచిలుకు కిలోమీటర్లే. పుత్తూరు, నగరి, సత్యవేడు వాళ్లకు మద్రాసు తప్ప దిక్కు లేదు. తిరుపతికి మద్రాసు సుమారు 140 కిలోమీటర్లు. చిత్తూరు రెంటికీ నడుమ పడి, ఏ రోజు ఏది చవకైతే ఆ పాఠం చదువుతుంది. రేణిగుంటకు అంతర్జాతీయ హోదా ఉంది, 2015లో ప్రారంభమైన గరుడ టెర్మినల్ ఉంది. గరుత్మంతుడు మాత్రం సముద్రం దాటడం ఇంకా మొదలుపెట్టలేదు.

రెండు పాఠాలనూ తూచి చూసినాము. అర్థాన్ని బట్టి "బెల్టు కాడ" అన్నదే కవి హృదయం. బెల్టు ఏ ఊళ్లోనైనా ఉంటుంది, బిక్కమొగాన్ని ఒక్క బెంగుళూరుకే కట్టడి చేయడం అన్యాయం. పైగా ఐదుగురు మనుషులు, ఎనిమిది పెట్టెలు, ఒక ఉయ్యాల బుట్ట చూసి "సార్, ఒక బండి చాలదు, రెండు పెడదాం, సరిహద్దు పర్మిట్టు రెండింటికీ మీదే" అన్న టాక్సీవాళ్ల నోట్లోనే ఆ పాఠం ఎక్కువగా వినబడుతుంది. కాబట్టి ప్రక్షిప్తమని నిర్ణయించినాము. విమానం ఆలస్యమైతే వెయిటింగు చార్జీ ఎంతని వాళ్లను అడిగితే, మూలంలో లేదు, వ్యాఖ్యలో చూసుకోమన్నారు.