జరిగిన పెళ్ళికి ముహూర్తం

జరిగిన పెళ్ళికి ముహూర్తం పెట్టే సిద్ధాంతి మాట ఎన్నడూ తప్పదు. చమురు ఇంజినీరింగ్ పత్రికల్లో ఇలాంటి సిద్ధాంతులకు కొదవ లేదు. శీర్షికలో ‘ఉష్ణగతిక నమూనా’ అనీ, ‘ముందస్తు అంచనా’ అనీ ఉంటుంది. లోపలికి వెళ్తే, అప్పటికే కొలిచేసిన చుక్కల మీదుగా గీసిన గీత ఉంటుంది.

సంగతేమిటంటే, నీళ్ళు పంపి తోడగలిగినంత తోడాక కూడా చాలా క్షేత్రాల్లో సగానికి పైగా చమురు రాతి రంధ్రాల్లోనే ఇరుక్కుపోతుంది. చమురుకీ నీటికీ మధ్య తలతన్యత మీటరుకు 20, 30 మిల్లీన్యూటన్లు. అది మిల్లీన్యూటనులో వెయ్యో వంతు దరిదాపులకు దిగితే గాని ఆ బొట్లు కదలవు. అందుకే సర్ఫాక్టెంట్, అంటే సబ్బు లాంటి సరుకు, కలిపిన ఉప్పునీళ్ళు పంపుతారు. ఉప్పు తక్కువైతే చమురు కొంత నీళ్ళలోకి చేరుతుంది, ఎక్కువైతే నీళ్ళు చమురులోకి చేరతాయి. సరిగ్గా కుదిరిన చోట రెంటినీ ఇముడ్చుకున్న మూడో పొర, మైక్రోఎమల్షన్, మధ్యలో నిలుస్తుంది. విన్సర్ 1948లోనే ఈ రకాలను వర్గీకరించాడు. ఆ ఉప్పు ఎంతో తేల్చడానికి గాజు పైపెట్లు వరసగా నింపి, మూతులు కరిగించి మూసి, వారాల తరబడి వేడిలో ఉంచి, పొరల ఎత్తులు చదువుతారు. ఓపికగల పని. ఆ పని చేసేవాళ్ళకు నా దండం.

కొలతలు ముగిశాక సిద్ధాంతి వేంచేస్తాడు.

చాలాకాలం ఆయన పంచాంగం 1930 నాటి హ్యాండ్ సూత్రం. మైక్రోఎమల్షన్ అన్న పేరు పుట్టడానికి దాదాపు మూడు దశాబ్దాల ముందుది. టెక్సస్ విశ్వవిద్యాలయం వారి యూటీకెమ్ సిమ్యులేటర్ దాన్నే నమ్ముకుంది. పొరలు విడిపోయే హద్దు గీతకు ఉప్పు లేనప్పుడు ఒక ఎత్తు, అనుకూలమైన ఉప్పు దగ్గర ఒక ఎత్తు, దానికి రెట్టింపు దగ్గర మరో ఎత్తు. ఈ మూడు అంకెలూ పైపెట్లు చూసి మనమే అందించాలి. నడుమ సరళరేఖలు. ఇందులో ఉష్ణగతికానికి పునాది అయిన గిబ్స్ శక్తి ఎక్కడుందయ్యా అని అడగడం అమర్యాద. పీడనం ఊసు ఎత్తడం ఇంకా అమర్యాద.

1979లో సలాజే బృందం ఉప్పునూ, ఉష్ణోగ్రతనూ, ఆల్కహాలునూ, చమురు ఆల్కేన్ సంఖ్యనూ (అది ఎన్ని కార్బన్ల ఆల్కేన్‌లా ప్రవర్తిస్తుందో చెప్పే అంకె) ఒకే సమీకరణంలో కూర్చింది. అదే ఏడాది హూ, మైక్రోఎమల్షన్ తనలోని సర్ఫాక్టెంట్‌కు ఎన్ని రెట్ల చమురు ఇముడ్చుకుంటుందో ఆ నిష్పత్తి వర్గానికి విలోమంగా తన్యత పడిపోతుందని చూపాడు: నిష్పత్తి 10 అయితే తన్యత మీటరుకు దాదాపు 0.003 మిల్లీన్యూటన్లు. ఈ రెండూ నేటికీ ఈ రంగానికి అన్నం పెడుతున్నాయి. 2003లో అకోస్టా బొట్ల వంపును జోడించాడు. పెన్సిల్వేనియాలో జాన్స్ బృందం దానిపై ‘స్థితి సమీకరణం’ నిలబెట్టింది. పొరల పేర్లు ఉన్నట్టుండి తారుమారై సిమ్యులేటర్ గంతులేసే జబ్బుకు అది మందే, కాదనను. కానీ అందులో సర్ఫాక్టెంట్ తోక పొడవుకు ముడిపడిన ఒక స్థిరాంకం ఉంది. తోక పొడవును అణువు చెప్పాలి. వ్యాసాల్లో మాత్రం చుక్కలకు అతికేదాకా ఆ తోక సాగుతుంది, ముడుచుకుంటుంది. స్థిరాంకమట!

అసలు వినోదం ఆల్కేన్ సంఖ్యలో ఉంది. శుద్ధమైన డెకేన్‌కు అది 10, పేచీ లేదు. రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రపు మైనం నిండిన ముడిచమురుకు ఎంత? దాన్ని పైపెట్ల ఫలితం నుంచే వెనక్కి లెక్కగడతారు. అలా వచ్చిన సంఖ్యను నమూనాలో పోసి, నమూనా పైపెట్ల ఫలితాన్ని ‘అద్భుతంగా ఊహించింది’ అని రాస్తారు. మరి ఊహించక ఏం చేస్తుంది? జవాబు దాని చెవిలో చెప్పింది మీరే కదా.

ఇక భూమి అడుగున చమురులో వాయువు కరిగి ఉంటుంది. పైపెట్‌లోది వాయువు పోయిన చమురు. బంకమట్టి కాల్షియం వదులుతుంది. నాలుగైదు సరుకుల సర్ఫాక్టెంట్ మిశ్రమం లెక్కలో ఒకే పదార్థం. వీటన్నిటి మధ్య గీత చుక్కలను తాకినందుకు చప్పట్లు!

సంపాదకులకు ఒక మనవి. పైపెట్లు నింపకముందే అంకె వేసి, కవరులో పెట్టి, సీలు చేసి మీకు పంపినవాళ్ళ వ్యాసానికే ‘ముందస్తు అంచనా’ అన్న శీర్షిక ఇవ్వండి. మిగతావాటికి ‘అతికించాం’ అని అచ్చువేయండి, ఎన్ని స్థిరాంకాలతో అతికించారో పక్కనే వేయండి.