ఆ పాత్ర నేనేనండీ!

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ మీద పాఠకులు ఎక్కడ కూడినా సభ ఒకే బాటలో నడుస్తుంది. మొదటి వక్త ఇది తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అంటారు. రెండో వక్త ఆ మాటకే ఫ్రాయిడ్ పేరు తగిలించి మళ్లీ అంటారు. మూడో ఆయన మైకు సరిచేసుకుని, గొంతు తగ్గించి, అసలు బాంబు పేలుస్తారు: ‘‘దాచుకోవడం దేనికండీ, ఆ సీతారామారావుని నేనే!’’

చప్పట్లు.

అసమర్థుణ్ణని ఒప్పుకుంటే ఇంత మర్యాద దక్కే చోటు సాహిత్య సభ తప్ప మరొకటి లేదు. ఇదే మాట పిల్లనివ్వబోయే మామగారి ముందు అనమనండి, చూద్దాం.

ఇంతకీ ఆ నవలా నాయకుడు సీతారామారావు ఎవరు? తండ్రి మిగిల్చిన ఆస్తిని వంశప్రతిష్ఠ పేరు చెప్పి హారతి కర్పూరం చేసినవాడు. అడిగినవాడికి లేదనలేకపోవడాన్ని ఔదార్యం అనుకున్నాడు. చేతకానితనానికి ఆశయమని పేరు పెట్టుకున్నాడు. డబ్బు పోయాక లోకమే చెడ్డదని తేల్చి, ఆ కసి ఇంట్లో భార్య ఇందిర మీద తీర్చుకున్నాడు. తన సంగతి తనకి తెలియక కాదు. నవల పొడుగునా తనని తాను తవ్వుకుంటూనే ఉంటాడు. ఆ తవ్వకమే అతనికి ఉద్యోగం. దానివల్ల ఇంట్లో పొయ్యి రాజలేదు, అది వేరే విషయం. నవలలోని రామయ్య తాత సూటిగా చెప్పే మాటలు మాత్రం చెవికెక్కవు.

కాబట్టి ‘అతను నేనే’ అంటున్న పెద్దమనిషి తనకి తెలియకుండానే నిజం పలికారు. తప్పుని విడమర్చి చెప్పి, చెప్పినందుకు శాలువా కప్పించుకోవడం అచ్చంగా సీతారామారావు విద్యే. పాపం, అతనికి శాలువా కప్పే సభ దొరకలేదు.

పైగా ఈ పోలికలో ఎంత ఏరుకోవడమో! సున్నిత మనస్కుడు, లోకంతో ఇమడలేనివాడు... ఆ వాటా అందరికీ కావాలి. ఇందిర పడ్డ పాట్ల దగ్గరికి వచ్చేసరికి ‘‘అప్పటి రోజులు అలాంటివి లెండి’’. అతని సొమ్ము తిన్నవాళ్లలో ఒకణ్ణి నేను అన్న పాఠకుడు ఇంకా పుట్టలేదు. ఇందిరని నేనే అనగలిగినవాళ్లు సభకి రారు; వక్తగారు ఇంటికొచ్చేసరికి అన్నం వేడిగా ఉండాలిగా.

జబ్బు ఈ ఒక్క నవలదీ కాదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ చర్చకి వస్తే హాలు నిండా దయానిధులే. ఆ కథానాయకుడు దయానిధి భార్య పేరూ ఇందిరే, ఆమెనీ ఎవరూ తలుచుకోరు. నవలలోని మిగతా ఆడవాళ్లు కోమలి, అమృతం దగ్గరే సాయంత్రం అయిపోతుంది. ఇక 1969 నాటి ‘అంపశయ్య’లో ఉస్మానియా విద్యార్థి రవి గడిపిన 16 గంటల మీద హక్కుదారులకి లెక్కే లేదు. హాస్టల్లో నాలుగు రోజులున్న ప్రతివాడూ నన్నే రాశాడంటాడు. దాన్ని రాసిన నవీన్ గారు నయం, సొంత నవల పేరునే ఇంటిపేరు చేసుకున్నారు.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ని తండ్రి త్రిపురనేని రామస్వామికి అంకితమిచ్చారు, ఎందుకని ప్రశ్నించడం నేర్పినందుకు. ఈ ముక్క ప్రతి సభలోనూ గద్గద స్వరంతో వినిపిస్తుంది. అప్పుడే వెనక వరసలో ఓ అమ్మాయి లేచి, ‘‘సార్, మీరే సీతారామారావని ఎందుకనిపించింది? ఏం చేశారేమిటి?’’ అని అడిగిందనుకోండి, అధ్యక్షులవారు గడియారం చూసి వందన సమర్పణకి పిలుస్తారు.