ముందు కమిటీ, తర్వాత కంపైలు

కొత్త లినక్స్ డిస్ట్రో పెట్టడానికి కావలసిన మొదటి ముడిసరుకు ఖాళీ. మామిడి కోతలు అయిపోయి, నాట్లు ఇంకా మొదలుకాని రోజుల్లో మా బాపులపాడులో దానికి కొదవ లేదు. ఆ అదనులోనే హనుమాన్ జంక్షన్‌లో టీ తాగుతూ, పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి తెలుగువాళ్ళ సొంత డిస్ట్రో తేవాలని ఐదుగురం తీర్మానించుకున్నాం. టీ చల్లారేలోగా అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి తేలిపోయారు. కోశం లేదు. మిగిలిన నన్ను ‘టెక్నికల్’ అన్నారు. అంటే పని.

మా దగ్గరున్నది 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికొచ్చిన మొదటి మోడల్ బి. ఏటీఎం కార్డంత బోర్డు, అప్పట్లో 35 డాలర్ల ధర, 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ. లీపు రోజున పుట్టింది కాబట్టి పుట్టినరోజులు నాలుగేళ్ళకోసారే. ముసలితనం మాత్రం వాయిదా పడలేదు. ఫోన్ చార్జర్‌తో నడుస్తుంది. పసుపు జాక్‌లో వైరు గుచ్చితే మా అమ్మ పాత డబ్బా టీవీలో కూడా బొమ్మ వస్తుంది, సీరియల్ టైము కాకపోతే.

దీనితో రెండు చిక్కులు. మొదటిది ప్రాసెసర్. ఇది ఏఆర్ఎం వి6, డెబియన్ హార్డ్‌ఫ్లోట్ ప్యాకేజీలేమో వి7 నుంచి మొదలు. అందుకే 2012లో మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ కలిసి 35 వేలకు పైగా ప్యాకేజీలను దీనికోసం మళ్ళీ కంపైల్ చేసి రాస్ప్‌బియన్ నిలబెట్టారు. ఈ సంగతి చెబితే అధ్యక్షులైన మా మావయ్య అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఆ ఇద్దరిలో ప్రెసిడెంటెవర్రా?”

రెండోది గడియారం. బోర్డు మీద బ్యాటరీ గడియారం లేదు. రెండు గంటలు కరెంటు పోతే, నెట్ అందేదాకా దాని లెక్కలో ఆ రెండు గంటలూ లోకంలో జరగనట్టే. పైగా ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఎస్‌డీ కార్డు చెడే ప్రమాదం. “కాబట్టి మన సిస్టమ్ కార్డు మీద ఏమీ రాయకూడదు” అన్నాను. కార్యదర్శి వెంటనే మినిట్స్ పుస్తకం మూసేశాడు.

పేర్ల దగ్గర మళ్ళీ తెరిచాడు. డెబియన్ విడుదలలకి ‘టాయ్ స్టోరీ’ పాత్రల పేర్లే. బొమ్మలు విరగ్గొట్టే సిడ్ పేరు ఎప్పుడూ కుదురుగా ఉండని శాఖకి పెట్టుకున్నారు. “మనకి బొమ్మలెందుకురా అల్లుడూ, తోటలుండగా?” అన్నాడు మావయ్య. అలా మూడు దశలు ఖాయమయ్యాయి: పచ్చిది, దోరది, పండు. కార్బైడ్ వేసి మగ్గబెట్టిన రిలీజ్ ఉండకూడదన్నది ఏకగ్రీవం. అయితే తొలి పండు ఏదనే దగ్గర ఏకగ్రీవం కాస్తా చెడింది. కమిటీలోనే ఉన్న మా బావది బంగినపల్లి తోట, మావయ్యది చిన్నరసాలు.

“రసాలు నిలవుండవు మావయ్యా” అన్నాడు బావ.

“నీ కాయకి కత్తి కావాలి, పళ్ళెం కావాలి. రసం జుర్రుకుంటే అయిపోయె! ఇన్‌స్టలేషన్ అట్టా ఉండాలి.”

ఇంత మంచి డిజైన్ సూత్రం నేనే పుస్తకంలోనూ చదవలేదు. ఓటింగ్‌లో మాత్రం తేలలేదు. డెబియన్‌లో ఎప్పటినుంచో ఉన్న పోతన, వేమన ఫాంట్లలో ఏది పెట్టాలన్నదీ తేలలేదు. కవులిద్దరికీ చెరో వర్గం ఏర్పడింది.

చివరికి నేనో మాట అన్నాను. “తెలుగు లినక్స్ కొత్తేం కాదు, స్వేచ్ఛ సంస్థ వాళ్ళు ఎప్పుడో తెచ్చారు. ఈ ముసలి పైకి 32 బిట్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ ఇప్పటికీ వస్తూనే ఉంది. దాని మీద ఫాంట్లు, తెలుగు కీబోర్డు, కార్డుకి రక్షణ, ఈ మూడూ కలిపి ఒక్క ప్యాకేజీ చేస్తే చాలు. పది రోజుల పని.”

“ఒక్క ప్యాకేజీకి ప్రెసిడెంటుంటాడా?” అన్నాడు మావయ్య.

ఉండడన్నాను. ప్రతిపాదన ఒకటికి నాలుగు ఓట్లతో వీగిపోయింది. అదే ఊపులో లోగోకి సబ్‌కమిటీ వేశారు. దానికి చైర్మన్‌గా నా పేరు పరిశీలనలో ఉందట. ఆలోచిస్తే, ప్యాకేజీకి అంత తొందరేం లేదనిపిస్తోంది.