ముట్టకు బిడ్డా, గది లక్షల మాలు!

పిల్లలు నలుగురూ కూడి చదువుకోవాలని, అందుకు టెక్నాలజీ తోడు రావాలని సర్కారుకు అప్పుడప్పుడు తోస్తుంటుంది. తోచినప్పుడల్లా ఓ పెట్టె కొంటుంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 హైస్కూళ్లలో కంప్యూటర్లు దించారు. అయిదేళ్ల కాంట్రాక్టు తీరగానే చెప్పే సార్లు ఇంటికి, కంప్యూటర్లు స్టోర్‌రూముకు పోయాయి. 2022 మార్చి 8న మన పాలమూరు గడ్డ వనపర్తిలో ‘మన ఊరు-మన బడి’ పథకం మొదలైంది. 26 వేల పైచిలుకు బడులు, 7,289 కోట్లు, 12 రకాల పనులు. నీళ్లు, మరుగుదొడ్లు, ప్రహరీగోడలతో పాటు డిజిటల్ చదువూ అందులో ఒకటి. కొన్నాళ్లకు హైస్కూళ్లకు గోడంత టచ్ ప్యానెల్ దిగింది.

నల్లగొండ దిక్కు ఓ బడిలో ఆ ప్యానెల్‌ను చూశాను. ప్రారంభోత్సవం నాటి పసుపు కుంకుమ ఫ్రేము మీద అట్లనే ఉంది. కొత్త పెళ్లికూతురిలా నెత్తి మీద పూల గుడ్డ కప్పుకొని నిలబడింది. రిమోట్ పెద్దసారు బీరువాలో, బీరువా తాళం పెద్దసారు జేబులో, పెద్దసారేమో జిల్లా ఆఫీసులో మీటింగులో.

‘‘సార్, ఒక్కసారి ముట్టొచ్చా?’’ అడిగింది ఎనిమిదో తరగతి పిల్ల.

‘‘ముట్టకు బిడ్డా, గది లక్షల మాలు. గీత పడ్డదంటే నా జీతంల కోస్తరు.’’

సారును అని లాభం లేదు. పొద్దున ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి, మధ్యాహ్నం తిన్నవాళ్ల లెక్క ఎక్కించాలి. సిగ్నల్ కోసం డాబా మెట్ల మీద నలుగురు సార్లు ఒకరి ఫోన్‌లోకి ఒకరు తొంగిచూస్తూ తంటాలు పడుతున్నారు. ఆ బడి మొత్తమ్మీద టెక్నాలజీతో కూడి నేర్చుకుంటున్నది ఆ నలుగురే.

పైఆఫీసరు వచ్చే రోజు మాత్రం పండగే. బెంచీలు గుండ్రంగా జరుపుతారు, అయిదుగురికో గ్రూపు, గ్రూపుకో లీడరు. ప్యానెల్ మీది గుడ్డ తొలగుతుంది. ఫొటో వాట్సాప్ గ్రూపులో పడుతుంది, దండం పెట్టే బొమ్మలు కురుస్తాయి. జీపు గేటు దాటగానే బెంచీలు మళ్లీ వరుసకొస్తాయి. తెల్లారి లెక్కల పీరియడ్‌లో అదే గ్రూపు లీడరు పక్కపిల్లకు భిన్నాలు ఎట్లా చేయాలో గుసగుసగా చెప్తే, ‘‘ఏం ముచ్చట్లే అవి!’’ అని ఇద్దరినీ నిలబెడతారు.

నిజానికి ఈ జిల్లాలకు కూడి చదవడం ఒకరు నేర్పాల్సిన పనా? నిజాం పాలనలో, 1922లో, నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. అక్షరం వచ్చినోడు చదువుతుంటే రానోళ్లు చుట్టూ కూచొని విన్న కాలమది. అంత వెనక్కి ఎందుకు, కరోనాతో బడులు మూతపడి, 2020 సెప్టెంబర్ 1న యాదగిరి, టీశాట్ టీవీ ఛానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు టీవీ లేని పిల్లల్ని ఉన్నోళ్ల ఇంటికి జతచేయమన్నది సర్కారే. టీవీ ఆగదు, మళ్లీ చెప్పమంటే చెప్పదు. అర్థం కానిది పక్కనున్న పిల్లనే అడగాలి. అడిగితే నిలబెట్టే సారు ఆ ఇంట్లో లేడు.

ఇప్పుడు ప్యానెల్ వచ్చింది, సారూ వచ్చాడు, పిల్లలు చేతులు కట్టుకున్నారు. పిల్లల్ని మాట్లాడుకోనిస్తే పైసా ఖర్చు లేదు. అదే దాని ఖర్మ. ఖర్చు లేనిదానికి టెండరు ఉండదు, టెండరు లేనిదానికి రిబ్బను ఉండదు, రిబ్బను లేనిచోటికి ఏ ఎమ్మెల్యే వస్తాడు?

కాబట్టి అయ్యా, దీనికీ ఓ టెండరు పిలవండి. సరుకు: పక్కవాళ్లను అడిగే హక్కు, రోజుకు అరగంట. నాణ్యత: లొల్లి క్లాసు దాటి వరండా దాకా వినిపించాలి. వారంటీ: పదో తరగతి దాకా. కమీషన్ ఎంతో మీరే వేసుకోండి. రేటు ఎక్కువైనా ఫర్వాలేదు, బీరువాలో పట్టని సైజుదే పంపండి.