జాగ్రత్తపరుడు

డాలస్‌లో ఉండే మా బావమరిదికి కార్ల రేసుల పిచ్చి. పాత మాజ్డా మియాటా ఒకటి కొని, కంపెనీ ట్యాంకు ఊడబీకి, డిక్కీలో రేసింగ్ ఫ్యూయల్ సెల్ బిగించే పనిలో పడ్డాడు. శని, ఆదివారాలు గరాజ్‌లోనే కాపురం.

నిప్పంటే వాడికి ప్రాణభయం, అందులో వంక పెట్టడానికి లేదు. 1964 ఇండియానాపొలిస్ 500 రేసులో రెండో ల్యాప్‌లోనే కార్లు గుద్దుకుని, పెట్రోలు భగ్గుమని ఎడ్డీ శాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ పోయిన సంగతి మా అత్తగారిక్కూడా కంఠతా వచ్చేసింది. కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉందామని గుంటూరు నుంచి వెళ్లిన ఆవిడకి అన్నం దగ్గర కూడా ఇవే పాఠాలు.

"సెల్ అంటే ఉత్త డబ్బా కాదమ్మా. పైన లోహపు పెట్టె, లోపల గట్టి రబ్బరు సంచి, సంచి నిండా స్పాంజి. గుద్దుకుంటే సంచి నలుగుతుంది గానీ అంత తేలిగ్గా చిరగదు. స్పాంజి పెట్రోలుని తొణకనివ్వదు. కారు బోర్లాపడితే గాలిగొట్టంలో వాల్వు దానంతటదే మూసుకుంటుంది."

సంచి మీద తయారీ తేదీ రెండుసార్లు చూసుకున్నాడు. రేసులకి నియమాలు పెట్టే ఎఫ్ఐఏ లెక్కలో దాని ఆయుష్షు ఐదేళ్లే మరి. సీట్లకీ డిక్కీకీ మధ్య అల్యూమినియం రేకు కొట్టి, వైర్లు దూరే కంతలన్నీ సీలు చేశాడు. ఆవిణ్ణి సీట్లో కూర్చోబెట్టి, లైట్లార్పి, డిక్కీలోంచి తను టార్చి వేస్తూ "వెలుగేమైనా కనిపిస్తోందా?" అని అరగంట వేధించాడట.

"పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువమ్మా. పొగలా పైకి పోదు, నేల మీద పాకుతుంది. సూదంత కంత చాలు!"

ట్రాక్ దగ్గర తనిఖీ చేసే పెద్దాయన కారు కిందికి దూరి పట్టీలు లాగి చూశాడు, బోల్టులు తట్టి చూశాడు. "ఇంత శ్రద్ధగా బిగించినవాణ్ణి ఈ మధ్య చూడలేదు" అని భుజం తట్టి స్టిక్కరంటించాడు.

అంతలో ఇంటి నుంచి ఫోను.

"ఒరే నాన్నా, పాత ట్యాంకులో పెట్రోలు తీసి ఖాళీ పాల క్యాన్లలో పోసి గరాజ్‌లో పెట్టావు చూడూ, అందులో ఒకటి కారుతోందిరా. ఇల్లంతా ఒకటే కంపు. నాలుగు అగరొత్తులు వెలిగించమంటావా?"

ఆవిడ వెలిగించనక్కర్లేదు. క్యాన్లు పెట్టింది వాటర్ హీటర్ పక్కన. దాని అడుగున పైలట్ మంట రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది.