పిడికి వేలు

మూలం

పిడికి వేలు పోసి పెట్టిన యాతండు
వెలకు తగిన నునుపు వెలయు ననుచు
కోయు పనిని జేయు కొసనున్న రేకుకు
మూడు రూకలన్న మొగము ముడుచు

అవతారిక

ఈ ఆటవెలదికి మూలకర్త, టీకాకర్త ఒకరే. అందువల్ల కవిహృదయం గురించి తగవులు తక్కువ. మెదక్ సీమలోని కొలచారం వాడైన మల్లినాథసూరి, మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ఈ టీకాకారుడు అందులో మొదటి సగమే పాటిస్తాడు. గడ్డం గీసుకోవడం మీద రాసేవాడు అక్కరలేనిది చెప్పనంటే పుస్తకం అట్ట దగ్గరే ఆగిపోతుంది.

పూర్వం మంగలి కత్తి ఒక్కటే దిక్కు. దానికి సాన కావాలి, తోలుపట్టీ కావాలి, వణకని చెయ్యి కావాలి. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో జాన్ జాక్ పెరె అనే కత్తుల పనివాడు కత్తికి చెక్క కాపు బిగించి, అంచు చర్మంలోకి లోతుగా దిగకుండా ఆపాడు. ప్రాణభయం తగ్గింది గాని సానపట్టే శ్రమ తప్పలేదు. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ ఆ శ్రమనే తీసేద్దామన్నాడు: మొద్దుబారితే పారేసి కొత్తది వేసుకోవడమే. అంత పలుచని ఉక్కుకు పదును నిలవదని తెలిసినవాళ్ళు చెప్పారు. విలియం నికర్సన్ అనే ఇంజినీరు నిలబెట్టి చూపాడు. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. పేటెంటు చేతికొచ్చిన 1904లో 90,884 రేజర్లు.

రేజరు కారుచవకగా అంటగట్టి బ్లేడులో పిండుకొనే కిటుకు జిలెట్ కనిపెట్టాడని వ్యాపార పాఠాల్లో చెబుతారు. జరిగింది తిరగేసి చదువుకోవాలి. ఆ రేజరు వెల ఐదు డాలర్లు. ఆనాటి కూలివాడికి వారం జీతంలో అది పెద్ద ముక్క. 1921లో పేటెంటు గడువు తీరేదాకా ఆ వెల దిగలేదు. పోటీదారులు గుమ్మంలోకి వచ్చాకే చవక రేజర్లు వచ్చాయి. కనుక పిడికి వేలు పోయడం నేటి కుర్రకారు తెచ్చిన జాడ్యం కాదు, ఈ వస్తువుకు పుట్టుకతో వచ్చిన గుణం.

ప్రతిపదార్థం

పిడికిన్ = రేజరు కాడకు; వేలు = వేలకొలది రూపాయలు; పోసి పెట్టిన = వెచ్చించిన; ఆతండు = ఆ గృహస్థు; వెలకున్ తగిన = ఇచ్చిన ధరకు ఈడైన; నునుపు = చెంపలయందలి నున్నదనము; వెలయున్ = ప్రకాశించును; అనుచున్ = అని తలచుచు; కోయు పనిని చేయు = వెంట్రుకను తెంచెడి; కొసన్ ఉన్న = చివరనున్న; రేకుకున్ = బ్లేడునకు; మూడు రూకలు అన్నన్ = మూడు రూపాయలని దుకాణదారుడు పలుకగా; మొగము ముడుచున్ = ముఖము చిట్లించును.

తాత్పర్యం

రేజరుకు వేలు పోసి, అంతకు అంత నునుపు వస్తుందని నమ్మిన పెద్దమనిషి, నిజంగా గడ్డం గీసే బ్లేడుకు మూడు రూపాయలనేసరికి బేరమాడతాడని భావము.

టీక

పిడికి: సేఫ్టీ రేజరుకు అంగాలు మూడు: పైన మూత, కింద పళ్ళెం, పట్టుకోవడానికి కాడ. మూతకూ పళ్ళానికీ నడుమ బ్లేడు పడుకుంటుంది. కాడను మర తిప్పితే రెండూ బిగుస్తాయి, బ్లేడు కొద్దిగా వంగి నిలుస్తుంది. కాడ చేసే ఉపకారం అంతటితో సరి. ఇక్కడ పిడి అంటే లక్షణచేత రేజరు మొత్తమని గ్రహించాలి. కాని కొనేవారు చాలామంది ముఖ్యార్థమే తీసుకుంటారు. కాడ మీది చెక్కుడు చూసి, చేతిలో బరువు తూచి, తల సంగతి మరిచిపోతారు. తలలో చూడవలసినవి రెండు లెక్కలు. మూత అంచు నుంచి పళ్ళెం అంచుకు గీత గీస్తే, ఆ గీత దాటి బ్లేడు ఎంత బయటికి వచ్చిందన్నది ఒకటి. బ్లేడుకూ పళ్ళానికీ మధ్య సందు ఎంతన్నది రెండోది. రెండూ మిల్లీమీటరులో చిన్న వంతులే. చెంప మీద గాటు పడడం, పడకపోవడం ఆ వంతుల్లోనే తేలుతుంది.

వేలు: వేలకొలది రూపాయలని రూఢి. నవ్యులు కొందరు చేతివేలు అని శ్లేష చెబుతారు. పిడికి వేలు ఆనించడమే తప్ప అదమడం కూడదని వారి వ్యాఖ్యానం. ఇది కవి ఉద్దేశించింది కాకపోయినా పద్యమంతటిలో అత్యంత ఉపయోగకరమైన అర్థం ఇదే. బరువైన రేజరు తన బరువుతో తానే దిగుతుంది. దాన్ని నొక్కినవాడికి పటికముక్కే శరణ్యం. తేలిక రేజరుతో మొదలుపెట్టినవాడు నొక్కడం అలవాటు చేసుకుంటాడు కాబట్టి కాస్త బరువున్నది కొనమనడంలో న్యాయముంది. కాని బరువుకు ఇత్తడి చాలు. క్షవరమైతే గాని వివరం తెలియదన్న సామెతలో క్షవరం జేబుకని పెద్దలు ఎప్పుడో అన్వయించారు.

వెలకు తగిన నునుపు: పద్యానికి కీలకం ఇది. పూర్వపక్షి ఇక్కడ గొంతు సవరించుకుంటాడు. వెల ఎక్కువైతే పనితనం ఎక్కువ, పనితనం ఎక్కువైతే నునుపు ఎక్కువ, కనుక వెల ఎక్కువైతే నునుపు ఎక్కువ అని అతని అనుమానం. ఇందులో మొదటి మెట్టు నిజమే, దాన్ని కాదనకూడదు. కొన్ని వందలకు దొరికే రేజర్లు సాధారణంగా జమాక్‌తో పోతపోసినవి. జింకులో అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన ఆ మిశ్రమం తక్కువ వేడికే కరుగుతుంది, అచ్చులో చక్కగా ఒదుగుతుంది. పైన క్రోము పూత వేస్తే తళతళలాడుతుంది. పూత పగిలిందా, లోపలి జింకును నీళ్ళు తినేస్తాయి. మర ఉన్న బొడిపె ఒకనాడు పుటుక్కున విరుగుతుంది. నాసిరకం పోతలో అంతకన్నా పెద్ద దోషం ఒకటుంది. బ్లేడు సమంగా కూర్చోదు. ఒకవైపు అంచు ఎక్కువ, రెండోవైపు తక్కువ. కుడిచెంప నునుపు, ఎడమచెంప నెత్తురు. ఇలాంటి రేజరు ఉచితంగా ఇచ్చినా ఖరీదైనదే.

అయితే జమాక్ అన్నంత మాత్రాన తీసిపారేయకూడదు. జర్మనీలో జోలింగెన్‌ వారి మెర్కూర్, సాక్సనీ వారి మూలె, ఇంగ్లండులో షెఫీల్డు వారి ఎడ్విన్ జాగర్, తలలు ఎక్కువగా పోతపోసేది ఆ లోహంతోనే. పోత శుద్ధిగా, పూత గట్టిగా ఉంటుంది కాబట్టి ఏళ్ళ తరబడి చెల్లుతాయి. మన దేశంలోనే తయారై పడమటి దేశాలకు వెళ్ళే పార్కర్ రేజర్లలో ఇత్తడి కాడలున్నవి ఉన్నాయి. ఆపైన 316ఎల్ స్టెయిన్‌లెస్ ఉక్కు దిమ్మను మరల మీద చెక్కి తీసినవి. ఇంకా పైన టైటానియం. చెక్కుతుంటే వేడి తొందరగా పోదు, చెక్కే ములుకులు అరిగిపోతాయి, మర గంటలకొద్దీ తిరుగుతుంది. అందుకే ఆ వెలలు. వ్యాపారి మోసం చేయడం లేదు, ఆ డబ్బు నిజంగానే ఖర్చయింది. కాని ఖర్చయింది లోహాన్ని లొంగదీయడానికి. గడ్డానికి ఆ లోహంతో పనిలేదు. బ్లేడును తిన్నగా, కదలకుండా, అంచుకు దగ్గరగా బిగించి పట్టగలిగిందా అన్నదొక్కటే గడ్డం అడుగుతుంది. ఆ పరీక్షలో నెగ్గిన రెండువేల రేజరుకూ ఇరవైవేల రేజరుకూ మధ్య చర్మానికి తెలిసే తేడా బహు స్వల్పం. కంటికి తెలిసే తేడా చాలా ఎక్కువ. పూర్వపక్షి తర్కంలో రెండో మెట్టు ఇక్కడ కూలింది.

కోయు పనిని జేయు: వెంట్రుకను కోయడం తేలికని ఉక్కు ఉత్పత్తిదారులూ అనరు. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక సంగతి ప్రకటించారు. వెంట్రుక ఉక్కు కన్నా దాదాపు యాభై రెట్లు మెత్తనిది. అయినా బ్లేడు అంచు పెచ్చులూడుతుంది. వెంట్రుక వాలి, అంచులోని ఉక్కు ఒకేలా లేనిచోట తగిలినప్పుడు అక్కడ ఒత్తిడి పోగై సూక్ష్మంగా ముక్క లేచిపోతుంది. దీన్నిబట్టి టీకాకారుడు తేల్చేదేమంటే, వెంట్రుకను నానబెట్టి మెత్తపరచిన గోరువెచ్చని నీళ్ళు టైటానియం చేయలేని పని చేస్తాయి. రెండు మూడు నిమిషాలు తడిపి, సబ్బు నురగ బాగా పట్టించి, రేజరును చర్మానికి సుమారు ముప్పై డిగ్రీల వాలులో నడిపినవాడికి సాదా రేజరైనా లొంగుతుంది.

నీళ్ళ మహిమకు మరో సాక్ష్యం. మన దేశం కోసం తెచ్చిన ఒక రేజరును జిలెట్ వారు అమెరికాలో చదువుకొనే భారతీయ విద్యార్థుల చేత వాడించి భేష్ అనిపించుకున్నారు. ఇక్కడికి తెస్తే మొరాయించింది. అక్కడి కుర్రవాళ్ళకు ధారగా వచ్చే కుళాయి ఉంది, ఇక్కడ చాలామందికి ఉన్నది ఒక గ్లాసెడు నీళ్ళు. వెంట్రుకలు లోపల ఇరుక్కుని కూర్చున్నాయి. బుద్ధి తెచ్చుకొని, మన ఇళ్ళలో కూర్చుని చూసి, 2010లో గార్డ్ అని పదిహేను రూపాయల రేజరు తెచ్చారు. అందులో బ్లేడు ఒక్కటే, విడిభాగాలు తక్కువ, వెంట్రుకలు కడుక్కుపోవడం తేలిక.

రేకుకు: రేకునకు అనవలసినచోట రేకుకు అన్నాడు కవి. మూడు రూపాయల వస్తువుకు ఈపాటి విభక్తి చాలుననుకున్నాడు కాబోలు. బ్లేడు అని సూటిగా అనకపోవడానికి కారణం, ఆ సంయుక్తాక్షరం ముందున్న లఘువును గురువు చేస్తుందేమోనన్న భయం. ఈ రేకు పొడవు సుమారు 43 మిల్లీమీటర్లు, వెడల్పు 22, మందం ఒక మిల్లీమీటరులో పదో వంతు. ఈ కొలతలు లోకమంతా ఒక్కటే. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్, సూపర్‌మాక్స్, జపాను వారి ఫెదర్, ఏదైనా ఏ సేఫ్టీ రేజరులోనైనా కూర్చుంటుంది. మూడువందల రేజరు తినే మేతే ముప్పైవేల రేజరూ తింటుంది. సెలూనులో మంగలి బ్లేడును కాగితంతో సహా నిలువునా విరిచి సగం తన కత్తికి తొడిగినప్పుడు, మన కళ్ళు ఆ సగం ముక్క కొత్తదా పాతదా అనే చూస్తాయి. కత్తి వెల ఎంతని ఎవరూ అడగరు. తిరుమల కళ్యాణకట్టలోనూ మొక్కుకు వచ్చినవాడి చేతికి టోకెనుతో పాటు ఇచ్చేది బ్లేడే. ఈ విషయంలో దేవస్థానం పద్ధతి మన పెద్దమనిషి పద్ధతి కన్నా శాస్త్రసమ్మతం.

బ్లేళ్ళన్నీ ఒకటేనా అని ప్రశ్న. కావు. పదును వేరు, అంచు మీది పూత వేరు. ఫెదర్ మహా పదును. ముదురు గడ్డానికి వరం, లేత చర్మానికి శాపం. ఎవరి చెంపకు ఏది నప్పుతుందో ఏ టీకాకారుడూ చెప్పలేడు.

మూడు రూకలు: ఆరు రూకలన్న అని ఒక పాఠం. ధరలు పెరిగాక ఎవరో దిద్దినట్టుంది. అది గ్రాహ్యం కాదు. నాలుగో పాదంలో యతి ‘మొ’ మీద పడింది. ‘మూ’తో చెల్లుతుంది, ‘ఆ’తో చెల్లదు. కొట్టువాడు ధర ఎంత పెంచినా ఛందస్సు ఒప్పుకోదు. లెక్క చూద్దాం. వారానికి ఒక బ్లేడు మార్చినా ఏడాదికి 52, అంటే 156 రూపాయలు. పేరున్న కార్ట్రిడ్జీలు నాలుగున్న పెట్టె కొనే డబ్బుతో ఏడాది బ్లేడ్లు వచ్చి ఇంకా మిగులుతుంది. కనుక సేఫ్టీ రేజరుకు మారడంలో ఆదా ఉన్నమాట నిజం. ఇక్కడే పూర్వపక్షి మళ్ళీ లేచి, ఆరువేల రేజరు ఇరవై ఏళ్ళు మన్నితే ఏడాదికి మూడువందలే కదా అంటాడు. లెక్క తప్పులేదు. కాని ఆరువేలది కొన్నవాడు ఇరవై ఏళ్ళు దానితోనే సంసారం చేసిన దాఖలాలు అరుదు. ఆరు నెలల్లో రెండోది కొంటాడు, దానికొక నిలబెట్టే స్టాండు కొంటాడు, బ్యాడ్జర్ వెంట్రుకల కుంచె కొంటాడు. ఆదా కోసం మొదలైన వ్రతం ఉద్యాపన లేకుండా సాగుతుంది. అది సరదా అని ఒప్పుకుంటే పేచీ లేదు. గడియారాలకూ కలాలకూ డబ్బు పెట్టేవాళ్ళు లేరా? పొదుపు అనే పేరు పెట్టినప్పుడే కవికి కోపం వస్తుంది.

మొగము ముడుచు: ఇక్కడ ముడుచుటకు కారణాలు రెండు. మూడు రూపాయలు వినడం ఒకటి. పాత బ్లేడునే నాలుగో వారం వాడడం వల్ల కలిగిన మంట రెండోది. రెండూ ఒకే ముఖం మీద కలవడం కావ్యసౌందర్యం.

అలంకారం: పొసగని రెంటిని జతపరచడం చేత విషమం. రసం: హాస్యం, గాటు పడినవారికి కరుణ.

వినియోగం

కొనదలచినవారు వెయ్యికీ మూడువేలకూ మధ్య, తల శుద్ధిగా చేసినది, బరువు కాస్త ఉన్నది ఒకటి కొనండి. బ్లేడు పెట్టి బిగించి దీపానికి ఎదురుగా పట్టి, రెండు అంచులూ సమంగా బయటికి వచ్చాయో లేదో చూడండి. రాకపోతే దుకాణదారుడికి తిరిగిచ్చేయండి. మిగిలిన డబ్బులో వందో రెండొందలో పెట్టి రకానికి ఐదు చొప్పున బ్లేడ్లు తెచ్చి, నప్పినదాన్ని పట్టుకోండి. కొనేముందు ఒక్కసారి అటక మీది ట్రంకుపెట్టె వెదకండి. తాతగారి రేజరు దొరికితే, మర అరగకుండా, తల వంగకుండా ఉంటే, ఒట్టి ఇత్తడిదైతే చింతపండుతో, పూత ఉన్నదైతే సబ్బునీళ్ళతో కడగండి. నేటి బ్లేడు దానికి సరిగ్గా పడుతుంది.