ఎనిమిదియా? పదునాఱా?

మునుపు మధ్యతరగతి గృహస్థుని యింట కుటుంబసభ కూడవలసివచ్చిన విషయములు మూడే యుండెడివి: పిల్ల పెండ్లి, పొలము కౌలు, పొరుగువానితో గోడ తగవు. ఇప్పుడు వానికి నాలుగవది చేరినది. బల్ల మూలను జానెడు చోటులో ఒదిగి కూర్చుండు చిన్న డెస్క్‌టాప్ కంప్యూటరులోని 8 జీబీ ర్యామ్ చాలునా, 16 చేయింపవలెనా యనునదే యా నాలుగవ విషయము. తక్కిన మూడింటికిని ఏనాటికైనను పరిష్కారము కలుగుట పెద్దలు చూచిరి. గోడ తగవులు సైతము కోర్టులు దాటి యెన్నడో యొకనాడు తీఱినవి. దీనికి మాత్రము తీర్పు చెప్పినంతనే అప్పీలు దాఖలగుచున్నది. ఏలనన, 16 చేయించిన యిల్లు 32ను గూర్చి తర్కించుచుండుటయు, 32 గల యిల్లు పెట్టెనే మార్పవలయునని తీర్మానించుటయు మనము నిత్యము చూచుచునే యున్నాము.

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పువారు మూడు మతములవారు. మొదటివారు ద్వైతులు. ఒంటి పలకగా 16 జీబీ యుండుటకంటె 8 జీబీ పలకలు రెండు జంటగా నుండుటయే మోక్షమార్గమని వీరి సిద్ధాంతము. జంట యున్నచో రెండు దారుల వెంట ఒకేమాఱు రాకపోకలు సాగును గనుక డ్యూయల్ ఛానల్ అను పద్ధతి మేలనియు, వేఱుగా గ్రాఫిక్స్ కార్డు లేని చిన్న పెట్టెలలో తెరపై బొమ్మ గీయు భాగము సైతము ఈ ర్యామ్‌నే యెరవు పుచ్చుకొని బ్రదుకును గనుక అచ్చట మరింత మేలనియు వీరు వాదింతురు. వీరి వాదమునకు ప్రత్యక్ష ప్రమాణము కలదని యొప్పుకొనక తప్పదు.

రెండవవారు అద్వైతులు. ప్రాసెసరు వేఱు, గ్రాఫిక్స్ వేఱు, ర్యామ్ వేఱు అనుకొనుట కేవలము భ్రాంతి యనియు, అన్నియు ఒక్క మూటలో నున్న ఏకవస్తువే యనియు వీరు చెప్పుదురు. ఈ మతమునకు యూనిఫైడ్ మెమొరీ యని పేరు. ఎం1 చిప్పుతో 2020లో వెలువడిన మ్యాక్ మినీ దీనికి గొప్ప పీఠము. ఇదే ఆపిల్ సంస్థ 2012 నాటి మ్యాక్ మినీలో అడుగు మూతను త్రిప్పి యెవరైనను ర్యామ్ మార్చుకొనునట్లు చేసి, 2014లో దానిని బోర్డునకు అతికించి, 2018లో మరల విడదీసి, 2020లో ఏకము చేసినది. ఇంత తక్కువ కాలములో ఇన్ని మతాంతరములు పుచ్చుకొన్న పీఠాధిపతి మఱియొకడు కానరాడు. ఈ మతమున పునర్జన్మ లేదు. కొన్ననాడు నొసట ఎంత వ్రాయబడినదో కడవఱకు అంతే. కనుక కొనుటకు ముందే ముక్తికి వెల కట్టవలెను: 2024 నాటి మ్యాక్ మినీలో 16 నుండి 24 జీబీకి పోవుటకు అది వెలువడిననాడు మనదేశములో 20,000 రూపాయలు. మూడవవారు విశిష్టాద్వైతులు. వీరి పెట్టెలో కొంత ర్యామ్ బోర్డును విడువకుండ అంటియుండును, కొంత స్లాటులో విడిగా నుండును. తక్కిన యిరువురిపై వీరు నిష్పక్షపాతముగా జాలిపడుదురు.

మా అన్నగారి కుమారుడు హైదరాబాదు మాదాపూరున సాఫ్టువేరు ఉద్యోగి యగుటచే మా యింటి సభకు అధ్యక్షత వానిదే యయ్యెను.

"ఈ రోజుల్లో ఎనిమిది ఎవరికి సరిపోతుంది బాబాయ్?" అనెను.

"నేనేం చేస్తానురా దాంతో? ఉత్తరాలు రాసుకుంటాను, కరెంటు బిల్లు కడతాను. మీ పిన్ని పాత సినిమాలు చూస్తుంది."

"ఇప్పుడు సరే. మరి రేపు?"

"రేపు కూడా అవే సినిమాలురా."

"అట్లా కాదు బాబాయ్. ఫ్యూచర్ ప్రూఫ్ అంటారు దాన్ని."

ఈ ఫ్యూచర్ ప్రూఫ్ అను మంత్రమునకు ఎదురు చెప్పగల గృహస్థుడు ఇంతవఱకు పుట్టలేదు. రాబోవు కాలము ఎట్లుండునో చెప్పలేని మానవుడు, దానికి కావలసిన ర్యామ్ ఎంతయో మాత్రము జీబీలతో సహా చెప్పగలుగుట ఇందలి విశేషము.

అంతట సికిందరాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయితిమి. జంటనగరములవారు సీటీసీ యని పిలుచు ఆ కట్టడమున కేబులు మొదలు కీబోర్డు వఱకు దొరకని వస్తువు లేదు. ఒక దుకాణదారు పలక ధర చెప్పగా మావాడే తెల్లబోయి, పోయిన యేడాది ధర జ్ఞప్తి చేసెను. "పోయినేడాది మాట ఎత్తకండి సార్, నాకూ ఏడుపొస్తుంది. ఇవ్వాళ చెప్పిన రేటు కూడా సాయంత్రం దాకే," అని ఆ వర్తకుడు నిట్టూర్చెను. ఆ మాటలో కల్ల లేదు. లోకములోని ర్యామ్ చిప్పులలో మిక్కిలి భాగము శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అను మూడు సంస్థల చేతిలోనిదే. కృత్రిమ మేధకు డేటా కేంద్రములు కట్టువారు అడిగినంత సొమ్ము పోయుచుండగా, ఆ సంస్థలు తమ కార్ఖానాలను అటువైపు మరల్చినవి. 2025 చివర ధరలు మిన్నంటినవి. 1996 నుండి గృహస్థులకు పలకలమ్మిన క్రూషియల్ వ్యాపారమును చాలించుచున్నట్లు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించినది. ఎక్కడనో యొక యంత్రమునకు సీసపద్యము అల్లుట నేర్పుచున్నారు గనుక, ఇక్కడ రిటైరైన ఉపాధ్యాయుడు పెన్షను ఆఫీసునకు ఉత్తరము వ్రాసికొను పలక ప్రియమైనది. ఆ సీసపద్యమునకు ఇంకను యతి కుదురలేదని వినికిడి.

ఇంతకును ఈ పలకలో ఎంత పట్టును? 1969లో మనుష్యుని చంద్రునిపై దింపి తెచ్చిన అపోలో కంప్యూటరునకు చెఱిపి వ్రాయదగిన మెమొరీ, నేటి లెక్కలో 4 కిలోబైట్లు. యూటీఎఫ్-8 అను పద్ధతిలో తెలుగు లిపిలోని యొక్కొక్క సంకేతమునకు 3 బైట్లు పట్టును. హల్లు, పొల్లు, గుడి విడివిడిగా లెక్కకు వచ్చుటచే లక్ష్మి యను పేరొక్కటియే 21 బైట్లు. అపోలో కంప్యూటరులో ఇమిడెడివి 195 లక్ష్ములు మాత్రమే. వారు ఆ 195తోనే చంద్రునికడకు పోయి తిరిగివచ్చిరి. తెల్లవారుజామున చుట్టములు పంపు శుభోదయపు బొమ్మ యొక్కటి తెఱచుటకు మనకు దానికి పదుల రెట్లు కావలసివచ్చుచున్నది. కవిత్రయమువారి భారతము పదునెనిమిది పర్వములును అక్షరరూపమున ఎక్కించినచో కొన్ని పదుల మెగాబైట్లలో ముగియును. 8 జీబీలో నూఱు ప్రతులైనను భద్రపఱుపవచ్చును. అంతటి యంత్రము చీరలమ్ము వెబ్‌సైటు నొకదానిని, వాట్సాప్‌ను, క్రికెట్ స్కోరును తెఱచినంతనే ఆయాసపడుచున్నది.

దీనికి కారణము చరిత్రలోనే యున్నది. 1981 నాటి ఐబీఎం పీసీ 16 కిలోబైట్లతోనే అంగడికి వచ్చినది. 1995లో విండోస్ 95 కనీసము 4 మెగాబైట్లు కోరినది. 2021లో విండోస్ 11 కనీసము 4 గిగాబైట్లు కోరినది. ఇరువది యాఱేండ్లలో కోరిక 1,024 రెట్లు పెరిగినది. మన అర్జీలు మాత్రము నాడును నేడును "అయ్యా" అని మొదలై "చిత్తగించవలెను" అని ముగియుచునే యున్నవి. మధ్యనున్న 1,023 రెట్లు ఎవరు భుజించిరని మావానిని అడిగితిని. వాడు అమాయకముగా, "మేం రాసింది మా మెషీన్లో బానే నడుస్తుంది బాబాయ్," అనెను.

సమస్త రహస్యమును ఆ యొక్క వాక్యములోనే యున్నది. 32 జీబీ యంత్రము ముందు కూర్చుండి వ్రాయువానికి 8 జీబీ యంత్రపు మూలుగు వినబడదు. వానికి ఆఫీసువారు ఉచితముగా నిచ్చిన సౌకర్యము మనకు విధియై దిగివచ్చును. వాడు మిగుల్చుకొన్న శ్రమకు మనము పలక కొని పన్ను కట్టుదుము, దానిపై జీఎస్టీ 18 శాతము వేఱు. పొదుపుగా వ్రాయుట సాఫ్టువేరు సంస్థలలో ఒకప్పుడు పాండిత్యము. నేడు అది పిసినారితనముగా పరిగణింపబడుచున్నది.

ఇంత చర్చ జరిగినను కంప్యూటరునే యడిగినవాడు లేడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడును ఒక్కమాఱు నొక్కినచో టాస్క్ మేనేజర్ తెఱుచుకొనును. పెర్ఫార్మెన్స్ అనుచోట మెమొరీ యను మాటను నొక్కగనే ఉన్నదెంత, వాడుకలోనిదెంత, మిగిలినదెంత, స్లాట్లెన్ని, అందు నిండినవెన్ని యనునవన్నియు కంప్యూటరు దాచకుండ చెప్పును. మా యింటిది వాడుక 6.9 జీబీ యని చూపినది. మావాడు విజయగర్వమున మీసము దువ్వబోయెను. ఎవరెవరు ఎంతెంత పట్టుకొనిరో వరుసగా చూపు పట్టికను తెఱువుమంటిని. అందు ప్రథమ స్థానము బ్రౌజరుది. దసరానాడు తెఱచిన చీరల పుటలు సంక్రాంతి దాటినను అట్లే యున్నవి. పిదప కొన్ననాడు ఉచితముగా వచ్చి, గడువు తీఱినను గుమ్మము దాటని యాంటీవైరస్. పిదప స్విచ్చు వేయగనే పిలువకయే లేచి కూర్చుండు ప్రింటరు కంపెనీవారి సహాయకుడు. ఆ ప్రింటరు పాత సామానువానికి చేరి చాలకాలమైనది. వీరినందఱిని సాగనంపగా వాడుక 4.1 జీబీకి దిగినది. చీరల పుటలు మూసినందుకు ఇంటిలో జరిగిన విచారణ ఈ వ్యాసమునకు అప్రస్తుతము.

చదువరులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. మెమొరీ పుటలో క్యాష్డ్ అని కనబడు అంకెను చూచి బెదరిపోరాదు. ఖాళీగానున్న ర్యామ్‌ను విండోస్ ముందుచూపుతో వాడుకొని, అడిగిన తక్షణము విడిచిపెట్టును. చూడవలసినది అవైలబుల్ అను అంకె. అది అడుగంటినపుడే అసలు కష్టము. పట్టనిదానిని విండోస్ డిస్కునకు తరలించి, కావలసినపుడెల్ల తెచ్చుకొనుచుండును. ఆ డిస్కు తిరుగుడు హార్డుడిస్కైనచో సెకనులో వెయ్యవ వంతులలో జరుగు పని యది. ర్యామ్ చేయునది సెకనులో నూఱుకోట్లవ వంతుల లెక్కలోనిది. పాత పెట్టె మూలుగుటకు పలుమాఱు దోషి ఆ హార్డుడిస్కే యైయుండ, శిక్ష ర్యామ్‌నకు పడుచున్నది.

సభ ముగియుటకు ముందు మావాడు పెట్టెను బోర్లించి రబ్బరు పాదముల చెంతనున్న మరలు విప్పెను. లోపల చూపుడువ్రేలంత పొడవు పలక, నల్లని చిప్పులు, అంచున బంగారు పూత పళ్ళు, నడుమ ఒక గంటు. దాని ప్రక్క స్లాటు ఖాళీ. ఆ గంటు వ్యర్థముగా పెట్టినది కాదు. చిన్న పెట్టెలలో వాడు ర్యామ్ తరములలో డీడీఆర్4 పలకకు పళ్ళు 260, డీడీఆర్5కు 262, గంటు తావు వేఱు. ఒకదాని చోట ఒకటి దిగదు. ఈ సంగతి తెలియక తెచ్చి, బలము చూపి స్లాటును విఱిచిన వీరులు ఊరూర కలరు.

కావున నిర్ణయము చెప్పెదను. మీ యింట మిక్కిలి పని జరుగు వేళను, అక్కఱలేనివన్నియు మూసి చూడుడు. అవైలబుల్ అంకె నాలుగవ వంతునకు తగ్గకున్నచో డబ్బు బ్యాంకులోనే యుండనిండు. హార్డుడిస్కు తిరుగుచున్నచో మొదట దానిని తీసి ఎస్ఎస్‌డీ వేయింపుడు. విండోస్ 10నకు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక, మీ ప్రాసెసరు విండోస్ 11నకు అర్హము కానిచో దానికి కొత్త పలక కొనకుడు. ఇవన్నియు దాటియు ర్యామ్ చాలకున్నచో మాత్రము, ఉన్నదానికి జోడైన పలక నొకదానిని కొని ఖాళీ స్లాటులో వేయింపుడు. ద్వైతులే గెలిచిరని యొప్పుకొందము. ఫ్యూచర్ ప్రూఫ్ అని మీ యింటికి వచ్చు అన్నకొడుకులకు మాత్రము నా విన్నపము వేఱు: నాయనలారా, మీరు వ్రాసినదానిని లోకము మీదికి వదలుటకు ముందు, మీ బాబాయిగారి 8 జీబీ పెట్టెపై ఒక్కపూట నడిపించి చూడుడు.